మంటల మీద నీళ్ళు పోసే విమానం నడపాలంటే ఎంసెట్ మానేయక్కర్లేదు

గుంటూరు నుంచి ఒక తల్లి రాశారు. వాళ్ళమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతోంది. లాస్ ఏంజెలెస్ మంటల వీడియోల్లో పసుపూ ఎరుపూ రంగుల విమానం ఒకటి సముద్రంలో నీళ్ళు ముంచుకుని కొండ మీద కుమ్మరించడం చూసిందట, అప్పటి నుంచి "నేను నడిపితే అదే నడుపుతా, ఎంసెట్ రాయను" అని భీష్మించుకు కూర్చుంది. ఒక కన్సల్టెన్సీ వాళ్ళేమో అమెరికాలో ఫైర్ ఫైటింగ్ పైలట్ కోర్సు ఉందని చెప్పి పెద్ద మొత్తమే అడిగారు. తెనాలి దగ్గర పొలం అమ్మి పంపించమంటారా అని ఆవిడ ప్రశ్న. పాపకు పోయినేడు నుంచి కళ్ళజోడు కూడా ఉందని చివర్లో రాశారు.

అమ్మా, పొలం అమ్మకండి. మీ అమ్మాయి కోరిక చెడ్డదేమీ కాదు, ఇంత స్పష్టంగా "నాకిది కావాలి" అని చెప్పే పిల్లలు నాకు తక్కువ మంది కనిపిస్తారు. కానీ ఆ సీటు దగ్గరికి వెళ్ళే దారి కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పినట్టు ఉండదు.

ఆ వీడియోలో ఉన్నది సిఎల్-415 అనే విమానం, కెనడాలోని క్యూబెక్ వాళ్ళది. అది నీళ్ళ మీద ఆగదు. పరుగెడుతూనే, అడుగునున్న చిన్న మూతుల్లోంచి సుమారు 12 సెకన్లలో 6,000 లీటర్లకు పైగా లాగేసుకుని మళ్ళీ లేచిపోతుంది. ఎండాకాలం మన వీధిలోకొచ్చే వాటర్ ట్యాంకర్ నిండటానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు కదా, దాదాపు అన్ని నీళ్ళు! ఆ తర్వాతదే అసలు కష్టం. పొగలోంచి, వేడిగాలి విమానాన్ని ఎత్తి కుదేస్తుంటే, చెట్ల తలలకు కొద్ది పదుల మీటర్ల ఎత్తులోకి దిగి తలుపులు తెరవాలి. ఆరు టన్నుల బరువు క్షణాల్లో పోయేసరికి విమానం ముక్కు పైకి లేస్తుంది, దాన్ని పట్టి ఉంచాలి, ఎదురుగా కొండ ఉంటే పక్కకు తప్పించాలి. 2023 జులైలో గ్రీస్‌లోని ఎవియా దీవిలో ఇలాంటి పనిలోనే ఒక కెనడెయిర్ విమానం (ఇదీ ఈ తరహా నీళ్ళ విమానమే) కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. తల్లిగా మీకు ఈ విషయం తెలిసి ఉండాలి, పాపకు కూడా తెలిసి ఉండాలి.

అందుకే కొత్తగా లైసెన్స్ వచ్చిన వాళ్ళకు ఈ సీటు ఇవ్వరు. మన దగ్గర కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగిరితే చాలు, ఈ పనికి అడిగేది వేల గంటల అనుభవం. అక్కడ ఇందులోకి వచ్చేవాళ్ళు చాలామంది పొలాల మీద మందు చల్లే విమానాలు నడిపినవాళ్ళు, నీటి మీద దిగే విమానాలు నడిపినవాళ్ళు, లేదా సైన్యంలో చేసి వచ్చినవాళ్ళు. పైగా చదువు వీసా మీద వెళ్ళి లైసెన్స్ తెచ్చుకోవడం వేరు, అక్కడే ఉద్యోగం చేయడం వేరు. ఆ కన్సల్టెన్సీ వాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: కోర్సయ్యాక ఏ కంపెనీ, ఏ వీసా మీద, ఎన్ని గంటల అనుభవంతో మా అమ్మాయిని తీసుకుంటుంది, కాగితం మీద రాసివ్వండి అని. రాసివ్వరు. లైసెన్స్ పట్టుకుని తిరిగొస్తే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాసి మార్పించుకోవాలి, ఎయిర్‌లైన్స్‌లో చేరాలంటే టైప్ రేటింగ్‌కు, అంటే ఒక్కో రకం విమానానికి విడిగా తీసుకునే అర్హతకు, మళ్ళీ లక్షలు పోయాలి. పొలమూ పోయి ఉద్యోగమూ రాక రెంటికీ చెడ్డ రేవడి అయిన ఇళ్ళు నేను చూశాను.

మరి మన దేశంలో అడవి అంటుకుంటే ఎవరు వెళ్తున్నారు? మనకు అలాంటి విమానాల ప్రత్యేక దళం లేదు. వైమానిక దళం వాళ్ళ ఎంఐ-17 హెలికాప్టర్లే వెళ్తాయి, కింద బాంబీ బకెట్ అనే పెద్ద సంచి వేలాడదీసుకుని. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేచినప్పుడు హెలికాప్టర్లు వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో నైనిటాల్ దగ్గర అడవి కాలుతుంటే భీమ్‌తాల్ చెరువులో బకెట్ ముంచుకెళ్ళి పోశారు. అంటే మీ అమ్మాయి కోరుకున్న పని ఇక్కడే ఉంది, దాని పేరు వైమానిక దళంలో హెలికాప్టర్ పైలట్. సెలక్షన్ గెలిస్తే శిక్షణకు మీరు రూపాయి కట్టక్కర్లేదు. ఆడపిల్లలకు ఇదెక్కడ కుదురుతుందంటారేమో, 2019 మేలో పారుల్ భరద్వాజ్, అమన్ నిధి అనే ఇద్దరు పైలట్లు, హీనా జైస్వాల్ అనే ఫ్లైట్ ఇంజనీరు, ముగ్గురూ ఆడపిల్లలే, కలిసి ఎంఐ-17 ఎగరేశారు. పాపకు వాళ్ళ ఫొటో చూపించండి.

ఇప్పుడు కళ్ళజోడు సంగతి, ఇదే ముఖ్యం. ఇంటర్‌తో ఎన్‌డీఏ, అంటే సైన్యంలో ఆఫీసర్లుగా చేరడానికి పెట్టే పరీక్ష, రాయొచ్చు, అమ్మాయిలకూ ఉంది. అయితే దూరం సరిగ్గా కనపడక జోడు పెట్టుకుంటున్నదైతే అందులో ఫ్లయింగ్ బ్రాంచి దొరకదు. దాంతో అంతా అయిపోయిందని ఏడవనివ్వకండి. డిగ్రీ తర్వాత ఆఫ్‌క్యాట్ అని వైమానిక దళం వాళ్ళే పెట్టే పరీక్ష ఇంకో దారిగా ఉంది. ఇంటర్‌లో లెక్కలూ ఫిజిక్సూ ఉండాలి, డిగ్రీలో గానీ బీటెక్‌లో గానీ 60 శాతం రావాలి, వయసు 20 నుంచి 24 మధ్య ఉండాలి. కంటికి లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను కూడా షరతులతో తీసుకుంటారు, కానీ ఆ ఆపరేషన్ 20 ఏళ్ళు నిండాకే చేయించుకోవాలి. తొందరపడి ఇప్పుడే చేయించారంటే మీ చేతులతో మీరే ఆ తలుపు మూసినట్టు. ఫ్లయింగ్‌కు ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి, కాళ్ళ పొడవూ కొలుస్తారు. పైలట్ ఎంపికకు కంప్యూటర్ మీద పెట్టే పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, కాబట్టి సరదాగా ఓసారి చూసొద్దామని వెళ్ళకూడదు.

చూశారా, ఎంసెట్ రాయనని పాప, రాయాల్సిందేనని మీరు పడుతున్న గొడవకు అర్థమే లేదు. బీటెక్ ఆ దారిలోదే. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, ఏదైనా సరే, 60 శాతం పోకుండా చూసుకుంటే చాలు. ఏరోనాటికల్ అయితేనే పైలట్ అవుతారనుకుని దూరాన ఎక్కడో ఊరూ పేరూ లేని కాలేజీలో చేర్పించకండి. ఏరోనాటికల్ ఇంజనీరింగ్ వేరు, విమానాలు బాగుచేసి సంతకం పెట్టే ఏఎంఈ లైసెన్స్ వేరు, పైలట్ లైసెన్స్ వేరు. మన దగ్గర ఈ మూడూ కలిపేసి అడ్మిషన్లు చేసేవాళ్ళున్నారు, జాగ్రత్త.

సొంత డబ్బుతో సివిల్ పైలట్ కావడం కూడా తప్పేం కాదు. జోడుతో చూపు సరిపోతే డీజీసీఏ మెడికల్‌లో ఒప్పుకుంటారు. అర కోటి పైన ఖర్చయ్యే దారి గనుక, ఒక్క రూపాయి ఫీజు కట్టకముందే మెడికల్ చేయించండి. అంతవరకే చెప్తాను, మీ పరిస్థితికి నేనైతే దాన్ని రెండో దారిగానే ఉంచుతాను.

పాప విమానం మోజులో గమనించి ఉండదు గానీ, మంటను ఆర్పేది విమానం ఒక్కటే కాదు. విమానాలు నీళ్ళే కాదు, ఎర్ర మందు కూడా చల్లుతాయి. దాన్ని చాలావరకు మంట మీద పోయరు, మంట రాబోయే దారికి అడ్డంగా గీతలా పోస్తారు. అందులో ఉండేది మన డీఏపీ బస్తాలో ఉండే అమ్మోనియం ఫాస్ఫేట్ లాంటిదే, ఎక్కడిదాకా పోశారో పైలట్‌కు కనపడాలని ఎరుపు కలుపుతారు. విమానం మంటను నెమ్మదింపజేస్తుంది, కింద మనుషులు వెళ్ళి ఆర్పాలి. వేసవిలో నల్లమల అంటుకుంటే చెట్టుకొమ్మలతో కొట్టి ఆర్పేది అటవీశాఖ వాళ్ళే. ఉపగ్రహాల ద్వారా మంటను పసిగట్టి డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళకు సమాచారం పంపుతుంది. చూపు అడ్డొచ్చి పైలట్ కాలేకపోయినా ఈ పనుల్లో చోటు ఉంటుంది, ఈ మాట పాపతో ఇప్పుడే అనకండి, అవసరమొచ్చినప్పుడు అనండి.

సెలవుల్లో చేతులు ఊరుకోకపోతే, 18 నిండాక డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ చేయించవచ్చు, గుంటూరు పక్కనే లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం శిక్షణ ఇస్తోంది. గాలి, ఎత్తు, నిబంధనలు చేతికి అలవాటవుతాయి. నిబంధనలు ఎందుకో కూడా ఆ లాస్ ఏంజెలెస్ కథలోనే ఉంది: 2025 జనవరి 9న ఎవరో ఎగరేసిన డ్రోన్ తగిలి ఆ సిఎల్-415 రెక్కకు చిల్లు పడింది, మంటలు మండుతుండగానే విమానాన్ని రిపేరుకు దించేయాల్సి వచ్చింది.

ఈ ఆదివారం పాపను ఇంటికి తీసుకొచ్చినప్పుడు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళి రెండు కళ్ళ పవర్ రాయించుకోండి, రంగులు సరిగ్గా గుర్తుపడుతోందో కూడా పరీక్ష చేయమనండి, గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి. ఆ వివరాలు నాకు రాస్తే ఎన్‌డీఏ ఫారం నింపాలో వద్దో చెప్తాను. ఎంసెట్ ఫారం మాత్రం ఈలోగా నింపేయమనండి.