ఘాట్ రోడ్డు వీడియోలకి హీరో 12 కన్నా ఆస్మో యాక్షన్ 4 మేలు

అన్నా, బైక్‌కో హెల్మెట్‌కో తగిలించుకునే చిన్న యాక్షన్ కెమెరాల్లో గోప్రో హీరో 12 కొనాలా, డీజేఐ ఆస్మో యాక్షన్ 4 కొనాలా అని అడిగినారు గదా. తెల్లవారుతుండగా తిరుమల ఘాట్ రోడ్డులో బైక్ మీద తీయాలి, సెలవు రోజు తలకోన జలపాతం దగ్గర తీయాలి అంటున్నారు కాబట్టి నా ఓటు ఆస్మోకే.

కాగితం మీద హీరో 12దే పైచేయి: 5.3కే స్పష్టతలో (4కే కన్నా ఎక్కువ) సెకనుకి 60 ఫ్రేములు. ఆస్మో 4కే దగ్గరే ఆగిపోతుంది. కానీ మసక వెలుతురులో అక్కరకొచ్చేది సెన్సర్, అంటే వెలుతురుని పట్టే చిప్, సైజు. ఆస్మోది 1/1.3 అంగుళం, హీరోది 1/1.9, అంటే ఆస్మోదే పెద్దది. చెట్ల నీడలో మలుపు తిరిగేటప్పుడు చిన్న సెన్సర్ వీడియోలో నలుపంతా ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది. అయితే ఒకటి, వెలుతురు మరీ తక్కువైతే షటర్ నెమ్మదిస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. అప్పుడు స్టెబిలైజేషన్ (కుదుపులు సర్దే ఏర్పాటు) ఎంత గొప్పదైనా ప్రతి కుదుపుకీ బొమ్మ అలుక్కుపోతుంది. షటర్ మరీ నెమ్మదించకుండా సెట్టింగుల్లో ఒక హద్దు పెట్టుకోండి.

నీళ్ల సంగతికొస్తే, పైన వాటర్‌ప్రూఫ్ కేసు లేకుండానే ఆస్మో 18 మీటర్లు, హీరో 10 మీటర్ల లోతు దాకా తట్టుకుంటాయి. జలపాతానికి ఏదైనా చాలు. లెన్స్ మీద చుక్కలు తుడవడానికి మెత్తని గుడ్డ మాత్రం మర్చిపోవద్దు.

రూటు, వేగం వీడియోలో కనపడాలా? రెండిట్లోనూ లోపల జీపీఎస్ లేదు, అది కావాలంటే హీరో 13 చూడండి. మెమరీ కార్డు వీ30 (వీడియో రాసే వేగం తెలిపే గుర్తు) ఉన్నదే కొనండి. తిరుమల గుడి లోపలికి కెమెరా తీసుకెళ్లనివ్వరు, అది మీకు తెలిసిందే.