టెక్ సందేహాలు: తెలుగు అక్షరం ముక్కలవుతోంది, ఏం చేయాలి?

పండుగలు, పెళ్లి ముహూర్తాలు దగ్గరపడితే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. ఫోను వేడెక్కుతోందన్న ఫిర్యాదులు తగ్గి, ఇంట్లోనే గ్రీటింగ్ కార్డులు, క్విల్లింగ్ (కాగితపు చుట్టల) బొమ్మలు, శుభలేఖలు చేసి అమ్ముకునేవారి ప్రశ్నలు పెరుగుతాయి. అలాంటివి కొన్నింటిని ఈసారి ఒకచోట చేర్చాను. ఎక్కువమంది ఇబ్బంది యంత్రంతో కాదు, తెలుగు అక్షరంతో. అందుకే దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు: కంప్యూటర్‌లో గీసిన గీతల వెంట కాగితాన్ని బ్లేడుతో కోసే క్రికట్ కట్టింగ్ యంత్రం కొన్నాను. ఇంగ్లీషు అక్షరాలను చక్కగా కోస్తుంది. ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అని తెలుగులో టైప్ చేస్తే ఒత్తులు చెదిరిపోతున్నాయి. ఎలాగో సరిచేసి కోసినా అక్షరాలు ముక్కలుగా ఊడి వస్తున్నాయి. యంత్రంలో లోపమా?

యంత్రంలో లోపం లేదండీ. మీకు ఒకేసారి రెండు చిక్కులు ఎదురయ్యాయి, అంతే.

మొదటిది టైపింగ్‌కు సంబంధించినది. తెలుగులో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి ఊరికే నిలబడవు. ఒత్తు కిందికి దిగాలి, గుడి పైకి ఎక్కాలి, రెండు గుర్తులు కలిసి కొత్త రూపం తీసుకోవాలి. ఈ అమరిక తెలిసిన సాఫ్ట్‌వేర్‌లోనే తెలుగు తెలుగులా కనిపిస్తుంది. కట్టింగ్ యంత్రాలతో వచ్చే సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని తయారైనవి. కాబట్టి అక్కడ తెలుగు టైప్ చేయకండి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వేసుకుని, అందులో టైప్ చేయండి. ఒత్తులు వాటి చోట్లలో కూర్చుంటాయి. తర్వాత ‘పాత్’ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కితే అక్షరాలు గీతలుగా మారిపోతాయి. గ్రూపు విడదీసి, అదే మెనూలో ‘యూనియన్’ నొక్కండి. ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలు కలిసి ఒకే అంచు అవుతుంది. ఈ మెట్టు మరిచిపోతే, గీతలు కలిసే ప్రతిచోటా బ్లేడు అక్షరం మధ్యలోంచి వెళ్తుంది. చివరగా ఎస్‌వీజీ (గీతలను గీతలుగానే దాచే రకం) ఫైలుగా భద్రపరచి క్రికట్‌లోకి అప్‌లోడ్ చేయండి. కోసే ముందు కొలత సరిచూసుకోండి. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరో దానిలోకి వెళ్లేటప్పుడు పరిమాణం మారడం కొత్తేమీ కాదు.

రెండో చిక్కు మన లిపిలోనే ఉంది. ‘సంక్రాంతి’నే తీసుకోండి. ‘స’ మీది తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. ‘ప’, ‘ష’, ‘హ’ల సంగతీ ఇంతే. సున్న ఎవరితోనూ సంబంధం లేని ఒంటరి గుండ్రం. చాలా ఫాంట్లలో ‘క్రా’ కింది ర ఒత్తు కూడా విడి ముక్కే. కలంతో రాసేటప్పుడు ఇవేవీ మన దృష్టికి రావు. బ్లేడు మాత్రం ఒక్కటీ వదలదు. అక్షరాలను కోసి విడిగా తీస్తే తలకట్టు ఒకచోట, సున్న మరోచోట పడతాయి. అదే కార్డులో అక్షరాల ఆకారంలో కిటికీలు కోశారనుకోండి, సున్న లోపలి బిళ్ల కూడా రాలిపోయి, సున్న కావలసిన చోట పెద్ద రంధ్రం మిగులుతుంది.

నా ఓటు నీడ అట్టకు. ఇంక్‌స్కేప్‌లోనే ఆ మాటకు ఒక నకలు తీసి, ‘పాత్’ మెనూలోని ‘అవుట్‌సెట్’తో రెండు మూడు మిల్లీమీటర్లు ఉబ్బించండి. తలకట్టు, సున్న, ఒత్తు అన్నీ ఉబ్బి ఒకదానితో ఒకటి అంటుకుని ఒకే ముక్క అవుతాయి. దాన్ని ముదురు రంగు అట్టలో, అసలు అక్షరాలను లేత రంగులో కోసి పైన అతికించండి. సున్న ఎక్కడ పెట్టాలో కింది అట్టే చూపిస్తుంది. చూడడానికీ బాగుంటుంది. కిటికీలు కోసేటట్లయితే సున్న లోపలి బిళ్లకు రెండు వైపులా సన్నని వంతెన గీయక తప్పదు.

ఫాంటు ఎంపిక కూడా ఇందులో భాగమే. రామభద్ర, రవిప్రకాష్ వంటి లావు ఫాంట్లు కోతకు నిలుస్తాయి. సురన్న, పెద్దన చదవడానికి హాయిగా ఉంటాయి కానీ చిన్న పరిమాణంలో వాటి సన్నని గీతలు చిరుగుతాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. స్వేచ్ఛా లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి వీటితో చేసిన కార్డులను అమ్ముకోవచ్చు. ఫాంటును విడిగా అమ్మడమే కుదరదు.

ఇదే ప్రశ్న సిల్హౌట్ అనే మరో కట్టింగ్ యంత్రం ఉన్నవారు కూడా అడిగారు. దాని సాఫ్ట్‌వేర్ ప్రాథమిక రూపంలో ఎస్‌వీజీ తెరుచుకోదు, పై మెట్టు ఎడిషన్ కొనాలి. కొనకుండా గడవాలంటే ఇంక్‌స్కేప్ నుంచి డీఎక్స్‌ఎఫ్ అనే మరో రకం గీతల ఫైలుగా భద్రపరచండి. ఇక ఇంకా ఏ యంత్రమూ కొననివారికి ఒక మాట: నెలకు పాతిక ముప్ఫై కార్డులే చేసేటట్లయితే ఆ డబ్బు మంచి కాగితం మీద పెట్టండి. మరీ అవసరమైతే ఇదే ఫైలును ఊళ్లోని లేజర్ కటింగ్ దుకాణానికి ఇస్తే వాళ్లు కోసిస్తారు.

తెనాలి నుంచి: శుభలేఖ మాటలు వాట్సాప్‌లో టైప్ చేసి డీటీపీ సెంటర్‌కు పంపితే, వాళ్ల కంప్యూటర్‌లో అన్నీ పెట్టెలు, పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయట. మళ్లీ టైప్ చేస్తున్నారు, తప్పులు దొర్లుతున్నాయి.

ఫోనులో మీరు టైప్ చేసేది యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతి. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ నడుస్తున్నది పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్, ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లు. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ అసలే తెలియదు. కాబట్టి వాళ్లకు మాటలు పంపకండి, పేజీనే పంపండి. లిబ్రే ఆఫీస్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో మీరే అసలు కొలతకు అమర్చి పీడీఎఫ్ చేయండి. ఫాంటు అందులోనే ఇమిడిపోతుంది. అచ్చు వేయడమే వాళ్ల పని అవుతుంది. వాళ్ల ఫాంటే కావాలని పట్టుబడితే యూనికోడ్ నుంచి అను లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ, మార్చాక ఒక్కో అక్షరమూ చదివి చూసుకోవాల్సిందే.

గుంటూరు నుంచి: చేతి తయారీ కాగితం మీద ఇంక్‌ట్యాంక్ ప్రింటర్‌తో అచ్చు వేస్తే ఇంకు పాకుతోంది. కాగితం కూడా ఇరుక్కుంటోంది. ఏ సెట్టింగ్ మార్చాలి?

సెట్టింగ్‌తో తీరేది కాదు. జైపూర్ పక్కన ఉన్న సాంగానేర్ వంటి చోట్ల తయారయ్యే ఈ కాగితానికి ముడిసరుకు చెట్టు గుజ్జు కాదు, బనియన్ల పరిశ్రమలో మిగిలే నూలు ముక్కలు. గరుకుదనమే దాని అందం. ఆ గరుకులోని నూగు ప్రింటర్ రోలర్లకు అంటుకుంటుంది, ఇంకు చిమ్మే నాజిళ్ల దాకా వెళ్తే శుభ్రం చేయడానికి మెకానిక్ కావాలి. ఇంకును పట్టి ఉంచే పూత తక్కువగా ఉన్న కాగితమైతే డై ఇంకు (నీటిలో కరిగే రంగు) పోగుల వెంట పాకిపోతుంది. లేజర్ ప్రింటర్ పెట్టినా ఎగుడుదిగుళ్లలో టోనరు సరిగా అతకదు.

కాబట్టి ఆ కాగితాన్ని ప్రింటర్‌లో పెట్టకండి. కార్డు బయటి భాగం చేతి కాగితంతోనే ఉంచి, మాటలను 120 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) నున్నని కాగితం మీద అచ్చు వేసి లోపలి ఆకుగా అతికించండి. ఎప్పుడూ ఒకే మాట వాడేవారు ‘జన్మదిన శుభాకాంక్షలు’ అని ఒక రబ్బరు స్టాంపు చేయించుకుంటే ప్రింటర్‌తో పనే ఉండదు. వంద దాటిన శుభలేఖలకు మాత్రం స్క్రీన్ ప్రింటింగ్‌ను మించినది లేదు.

మామూలు మందపు అట్టలకు వెనుక నుంచి కాగితం పెట్టే ప్రింటర్ మంచిది. ముందు ట్రేలోంచి లాగేవి కాగితాన్ని లోపల వెనక్కి తిప్పుతాయి, మందపు అట్ట ఆ మలుపులో ఇరుక్కుంటుంది. పండుగకు పండుగకు మధ్య ప్రింటర్‌ను అలా వదిలేయకుండా వారానికొక రంగుల పేజీ తీయండి. ఎండిపోయిన నాజిళ్లను శుభ్రం చేయడానికి అయ్యే ఇంకుతో పోలిస్తే ఆ పేజీ ఖర్చు లెక్కలోకి రాదు.

కర్నూలు నుంచి: ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఎవరు ఏ కార్డు అడిగారో, ఎవరు డబ్బులిచ్చారో కలిసిపోతోంది. పోయిన నెల ఒక పాప పేరు తప్పు రాసి కార్డంతా మళ్లీ చేయాల్సి వచ్చింది.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. వీలైతే రెండో సిమ్ మీద పెట్టుకోండి, అత్తగారి శుభోదయం సందేశాల మధ్య ఆర్డర్లు వెతుక్కోవడం తప్పుతుంది. అందులోని కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా ఫొటో, ధరతో పెట్టవచ్చు. లేబుళ్లతో ‘కొత్త ఆర్డరు’, ‘డబ్బు అందింది’, ‘పంపించాను’ అని ఒక్కో సంభాషణకు గుర్తు పెట్టండి. అయితే లేబుల్ ఖాతా పుస్తకం కాదు. గూగుల్ షీట్స్‌లో తేదీ, పేరు, కార్డు రకం, ఇవ్వాల్సిన రోజు, అడ్వాన్సు, బాకీ అని ఆరు గళ్లు చాలు. పోస్టులో పంపేవారు ట్రాకింగ్ నంబరుకు ఏడో గడి కలపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, స్పీడ్ పోస్టులో పంపే కవరుకు ట్రాకింగ్ ఎలాగూ ఉంటుంది.

పేర్ల విషయంలో మొహమాటం వద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిన పేరు సరళో శరళో, శ్రీవల్లో శ్రీవళ్లో మనకు తెలియదు. పేరును తెలుగులో టైప్ చేసి పంపమని కొనేవారినే అడగండి. వచ్చినదాన్ని మళ్లీ టైప్ చేయకుండా కాపీ చేసి అతికించండి. వాళ్లకు తెలుగు టైపింగ్ రాకపోతే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపమనండి. కోతకు ముందు స్క్రీన్ మీది డిజైన్ పంపి ‘సరే’ అనిపించుకోండి. ఈ అడుగులన్నీ ఒకే సందేశంగా రాసుకుని వాట్సాప్ బిజినెస్‌లోని ‘క్విక్ రిప్లై’లో పెట్టుకుంటే ప్రతిసారీ టైప్ చేసే పని ఉండదు.

హనుమకొండ నుంచి: సైన్యంలో అధికారినంటూ ఒకాయన ఫోన్ చేసి 200 కార్డులు కావాలన్నారు. బేరం కూడా ఆడలేదు. అడ్వాన్సు పంపడానికి ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నారు. అనుమానమొచ్చి ఆగాను. మంచి ఆర్డరు పోగొట్టుకున్నానా?

మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు. ఇది ఇంట్లో వ్యాపారం చేసేవారి కోసమే అల్లిన పాత మోసం. సైన్యం పేరు చెబితే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరని వాళ్ల లెక్క. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికి, లేదా బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయాల్సిన పని గానీ, పిన్ కొట్టాల్సిన పని గానీ ఎప్పుడూ ఉండదు. వాళ్లు స్కాన్ చేయాలి, మీ కోడ్‌ను.

దీనికే అన్నదమ్ముల్లాంటి మోసాలు మరో రెండు ఉన్నాయి. చెల్లింపు జరిగినట్లు స్క్రీన్‌షాట్ పంపి వెంటనే కార్డులు పంపమనడం ఒకటి. ‘2,000 బదులు 20,000 వెళ్లింది, మిగతాది తిరిగి పంపండి’ అంటూ బ్యాంకు సందేశంలా కనిపించే ఎస్సెమ్మెస్ చూపించడం రెండోది. స్క్రీన్‌షాట్‌నూ ఎస్సెమ్మెస్‌నూ సాక్ష్యంగా తీసుకోకండి. మీ బ్యాంకు యాప్ తెరిచి ఖాతాలో డబ్బు పడిందో లేదో చూడండి. ఎవరైనా ఇప్పటికే పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తొలి గంటల్లో చెబితే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది.

ఏలూరు నుంచి: బాపు గారి బొమ్మలంటే ప్రాణం. ఇంటర్నెట్‌లో దొరికిన వాటిని కార్డుల మీద అచ్చు వేసి అమ్మవచ్చా? కాన్వా అనే డిజైన్ సైటులోని బొమ్మల సంగతేమిటి?

అనుమతి లేకుండా కుదరదు. మన దేశంలో చిత్రకారుడు మరణించిన తర్వాత 60 ఏళ్లపాటు కాపీరైటు ఉంటుంది. బాపు గారు 2014లో కన్నుమూశారు. అంటే 2074 చివరి దాకా హక్కుదారులను అడగాల్సిందే. నెట్‌లో దొరకడం అనుమతి కాదు. కింద ఆయన పేరు వేసినా అనుమతి కాదు.

గడువు తీరిన పాత చిత్రాలు కావాలంటే 1906లో పోయిన రాజా రవివర్మ ఉన్నారు. ఆయన బొమ్మలు ఇప్పటికే ప్రతి క్యాలెండరు మీదా చూసినవే కదా అంటే, మన రాజమహేంద్రవరం దామెర్ల రామారావు గారున్నారు. 1925లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండా వెళ్లిపోయిన చిత్రకారుడు. ఆయన చిత్రాలకు ఊళ్లోనే ఒక గ్యాలరీ ఉంది. కార్డుల మీద ఆయన బొమ్మ నాకు ఎక్కడా కనిపించలేదు, మీరే మొదలుపెట్టవచ్చు. గ్యాలరీలో ఫొటో తీయడానికి మాత్రం ముందుగా అక్కడివారి అనుమతి తీసుకోండి.

కాన్వా బొమ్మలు మీ సొంత కూర్పులో భాగమైతే అచ్చు వేసి అమ్మవచ్చు. ఒక బొమ్మను ఉన్నది ఉన్నట్లుగా కార్డు మీద వేసి అమ్మడానికి దాని నిబంధనలు ఒప్పుకోవు. కృత్రిమ మేధతో బొమ్మ గీయించేవారు బొమ్మ వరకే గీయించి, మాటలు మీరే వేసుకోండి. అది రాసే తెలుగులో లేని ఒత్తులు ఇంకా పుట్టుకొస్తూనే ఉన్నాయి.

నెల్లూరు నుంచి: ఎర్ర కార్డు ఫొటోలో నారింజ రంగులో వస్తోంది.

ట్యూబ్‌లైటు ఆర్పేయండి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఎదురుగా తెల్ల థర్మోకోల్ అట్ట నిలబెట్టి తీయండి. కెమెరాలో రంగులు పెంచే ‘ఏఐ’ సదుపాయాన్ని ఆపండి. క్విల్లింగ్ ఎత్తు ఫొటోలో తెలియదు, పక్క వెలుతురులో చిన్న వీడియో తీసి పంపండి.

విజయవాడ నుంచి: డాలస్‌లో ఉన్న అమ్మాయి ఇక్కడి వాళ్లమ్మ షష్టిపూర్తికి కార్డు చేయించి ఇంటికి అందించమంది. ఆమె నుంచి డబ్బు ఎలా తీసుకోవాలి?

ఆమెకు ఇక్కడి బ్యాంకులో ఎన్నారై ఖాతా ఉంటే, ఎన్‌ఆర్‌ఈ గానీ ఎన్‌ఆర్‌ఓ గానీ, అమెరికా ఫోను నంబరుతోనే యూపీఐ వాడే వీలుంది. ఆమె బ్యాంకూ యాపూ ఆ సదుపాయం ఇస్తున్నాయో లేదో అడిగి చూడమనండి. అది లేకపోతే పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవ. మన దేశంలో దేశీయ చెల్లింపులు 2021 ఏప్రిల్ నుంచి ఆపేసినా, విదేశాల నుంచి వచ్చే డబ్బు తీసుకోవడానికి అది పనిచేస్తోంది. పాన్ వివరాలు ఇవ్వాలి, కొంత రుసుము కోసుకుంటుంది. ఆ రుసుమును ముందే ధరలో కలిపి చెప్పండి. ఒకే ఒక్క కార్డుకైతే ఈ హడావుడి దేనికి, ఇక్కడున్న తమ్ముడితోనో బాబాయితోనో వేయించమంటే సరిపోతుంది.