కమాండర్ మరణం గుర్తొస్తోంది, మా అబ్బాయిని నేవీకి పంపాలా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా బాబు నల్లగొండలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్ష రాసి నేవీ పైలట్ అవుతానంటున్నాడు. 2010లో బోయినపల్లిలో నేవీ విమానం కూలినప్పుడు మా అన్నయ్య మేడ మీద నుంచి ఆ పొగ చూశాడు. అది తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. వాడిని ఆపేయమంటారా?

జవాబు: అమ్మా, మీ భయం ఉత్త అపోహ కాదు. 2010 మార్చి 3న, బేగంపేటలో వైమానిక ప్రదర్శన సాగుతుండగా, నౌకాదళ విమాన విన్యాసాల బృందం ‘సాగర్ పవన్’లోని కిరణ్ విమానం బోయినపల్లిలో ఒక భవనంపై కూలి, కమాండర్ సురేశ్ కుమార్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ప్రాణాలు కోల్పోయారు. 2020 నవంబరులో మిగ్-29కె శిక్షణ విమానం అరేబియా సముద్రంలో కూలినప్పుడు ఒక పైలట్‌ను కాపాడగలిగారు గానీ, కమాండర్ నిశాంత్ సింగ్ భౌతికకాయం 11 రోజులకు గానీ దొరకలేదు. కమాండర్ హోదాకు వచ్చిన పైలట్ అంటే ఏళ్ల తరబడి విమానం నడిపిన మనిషి. అంతటి అనుభవజ్ఞులకూ ఈ ప్రమాదం తప్పలేదన్న సంగతి మీ అబ్బాయికి కూడా తెలిసి ఉండాలి. గల్వాన్‌లో అమరుడైన మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు పేరు చెప్పి, ఆయన తల్లిని చూసి ధైర్యం తెచ్చుకోండని మీ నోరు మూయించడం నాకు ఇష్టం లేదు.

అయితే నేవీలో చేరడం వేరు, విమానం ఎక్కడం వేరు. ఎన్‌డీఏకు ఎంపికైతే పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు చదివి, ఆ తరువాత కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీకి వెళతాడు. అధికారుల్లో చాలామంది ఓడలపైన, జలాంతర్గాముల్లో, ఇంజినీరింగ్ విభాగాల్లో పనిచేస్తారు. ఎగరాలని తామే కోరుకుని, పైలట్ ఎంపిక పరీక్షలోనూ వైద్య పరీక్షలోనూ నెగ్గినవారికే ఆ శిక్షణ దక్కుతుంది. కాబట్టి మీరు భయపడుతున్న ఆ నిర్ణయానికి ఇంకా కొన్నేళ్ల వ్యవధి ఉంది. అప్పటికి అది పెద్దవాడైన మీ అబ్బాయి తీసుకోవలసిన నిర్ణయం అవుతుంది.

ఇప్పుడు చూడవలసింది అతని కళ్లు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి రెండేళ్లు కోచింగ్ తీసుకున్నాక, రంగు చుక్కల మధ్య దాగిన అంకెను చదవలేక నా ఎదుటే ఆ పుస్తకాన్ని మూడుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. మంచి కంటి వైద్యుడి దగ్గర చూపుతో పాటు రంగులను గుర్తించే శక్తినీ ఈ వారమే పరీక్ష చేయించండి. ఎన్‌డీఏ ఏటా రెండుసార్లు జరుగుతుంది. రాత పరీక్షలో 900 మార్కులకు 300 లెక్కలవే కనుక ఇంటర్ చదువు వృథా కాదు. జేఈఈ మెయిన్ కూడా రాయించండి. ఆ ర్యాంకుతో ఎళిమలలో నౌకాదళమే బీటెక్ చదివించే ప్రవేశ మార్గం ఉంది, ఎంపిక కాకపోతే బయటి ఇంజినీరింగ్ సీటు ఉండనే ఉంటుంది.

ఇక అతన్ని కూర్చోబెట్టుకుని, మీ అన్నయ్య ఆ రోజు చూసినదంతా దాచకుండా చెప్పండి. వీలైతే ఆయన చేతనే చెప్పించండి. విన్న తరువాత కూడా దరఖాస్తు చేస్తానంటే, అమ్మా, దయచేసి అడ్డు చెప్పకండి.