తాతయ్య కుట్టిన బూట్లు బాగుచేయించే ముందు

చిన్నోడికి,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. పెళ్లి బట్టల గురించి అరగంట మాట్లాడి, పెట్టేసే ముందు ఒక్క ముక్క అంది. నువ్వు మీ నాన్న పాత బూట్లు అటక మీంచి దించావట, బెంగళూరులో సోల్ మార్పించి రిసెప్షన్‌కి వేసుకుంటావట. అంతే, నాకు తెల్లవారుజాము దాకా నిద్ర లేదు. కొత్త జత కొనుక్కునే స్తోమత ఉండి కూడా వాటినే వెతుక్కున్నావు చూడు, అందుకు సంతోషం. యాప్‌లో బుక్ చేస్తే ఎవరో కుర్రాడు వచ్చి సంచిలో పడేసుకుని పోతాడట, అందుకు భయం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. దుమ్ము దులిపి, పిండిన తడిగుడ్డతో తుడువు. ఎండలో పెట్టకు. లేసులు కొత్తవి కొను. అన్నేళ్లు అటక మీద ఎండిన తోలు కదా, తియ్యగానే కాలు దూర్చి వంచావంటే ముడత దగ్గర పటుక్కున పగులుతుంది. ముడత అయితే పర్లేదు, పగులు అయితే దాన్ని పూర్తిగా మాన్పే మందు లేదు, రంగుతో కప్పడమే. కాబట్టి లెదర్ కండిషనర్ పల్చగా రాసి రాత్రంతా వదిలెయ్, మర్నాడు మళ్లీ రాయి. కొబ్బరినూనె రాయమని మీ అత్తయ్య చెబుతుంది, వినకు. నాలుగు రోజులయ్యాక సాయంత్రం పూట వేసుకుని చూడు, పొద్దుటికంటే సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. లోపల అడుగున మీ నాన్న వేళ్ల గుంటలు అయిదూ కనిపిస్తాయి. పదకొండేళ్లు బడి వరండాలో తిరిగిన కాలు అది. సోల్ మార్చినా ఆ గుంటలు పోవు. నీ వేళ్లు వాటిలో ఇమడకపోతే ఇక్కడితో ఆపెయ్, డబ్బు దండగ.

ఇమిడితే, ఇక జాగ్రత్తగా చదువు.

ఇప్పుడు షాపుల్లో దొరికే బూట్లు చాలావాటికి అడుగు అంటించి ఉంటుంది. అందులో పీయూ అనే ఒక రకం ప్లాస్టిక్ సోల్ అయితే మరీ అన్యాయం, వాడకుండా పెట్టెలో దాచినా కొన్నేళ్లకి గాలిలో తేమకే పొడిపొడిగా రాలిపోతుంది. మీ తాతయ్య, అంటే మా నాన్న, కుట్టినవి అలాంటివి కావు. ఆయన మద్రాసు పెరియమేడులో నాలుగేళ్లు ఉండి నేర్చుకొచ్చిన పని అది. పైతోలు అంచు చుట్టూ సన్నటి తోలుపట్టీ ఒకటి తిరుగుతుంది, దాన్ని వెల్ట్ అంటారు. ఆ పట్టీని లోపలి అట్టతోలుకి ఒక కుట్టు, కింద సోల్‌కి ఇంకో కుట్టు. మధ్య ఖాళీలో కార్క్. సోల్ అరిగితే కింది కుట్టు ఒక్కటే విప్పి కొత్తది వేస్తారు, పైకుట్టు జోలికి పోరు. అందుకే ఆ జత రెండుసార్లు సోల్ మార్చుకుని కూడా ఇప్పటికీ బతికి ఉంది. మైనం, గుగ్గిలం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి, ఆరెతో పొడిచిన ఒక్కో బెజ్జంలో రెండువైపుల నుంచీ లాగేవాడు. లాగినప్పుడల్లా ముక్కుతో ‘హుఁ’ అని ఒక శబ్దం.

ఇలాంటి జతే నాకూ ఒకటి కుట్టాడు, 1981లో, బ్యాంకు ఉద్యోగం వచ్చినప్పుడు. దాన్ని నేనేం చేశానో మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

మూడేళ్లకి కుడి సోల్‌కి చిల్లు పడింది. అప్పుడు హైదరాబాదులో ఉన్నాను. గుంటూరు బస్సెక్కి బ్రాడీపేట నాలుగో లైనులో దిగితే, వేపచెట్టు కింద గోనెపట్టా మీద మా నాన్న. రెండు రోజుల పని. కానీ ఆ వారం నాతోపాటు గుంటూరుకి ఆఫీసు స్నేహితుడు ఒకడు వస్తానన్నాడు. నా బూట్లు ఎక్కడ కొన్నావని అతను ఇదివరకే అడిగితే మద్రాసులో అని చెప్పి ఉన్నాను. మాది తోలుపని చేసే ఇల్లని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఊరికి వెళ్లడం మానేసి, ఆబిడ్స్‌లో ఒక అద్దాల తలుపుల షాపులో ఇచ్చాను. వాళ్లేం అడగలేదు, నేనేం చెప్పలేదు. వారానికి తళతళలాడుతూ వచ్చాయి. అంచులు నున్నగా ఉంటే ఎంత బాగా చేశారో అనుకున్నాను. నున్నగా ఎందుకుండవు, మెషిన్ మీద పెట్టి వెల్ట్ మొత్తం అరగదీసి, సొల్యూషన్ పూసి రబ్బరు షీటు అంటించారు. మూడోవారం కోఠీ బస్టాపులో వానకి కప్ప నోరు తెరిచినట్టు తెరుచుకుంది.

సంక్రాంతికి పేపర్లో చుట్టి పట్టుకెళ్లాను. మా నాన్న పటకారుతో రబ్బరు లాగేసి, అంచు చుట్టూ బొటనవేలు పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు. వెల్ట్ ఒక్కటే పోతే కొత్తది కుట్టేవాడే, పైతోలు అంచు కూడా కోసుకుపోయింది. “కుట్టుకోటానికి తోలు మిగల్చలేదురా” అన్నాడు. కాసేపయ్యాక, “ఎవరు కుట్టారని చెప్పావు వాళ్లకి?” అని అడిగాడు. నేను మాట్లాడలేదు. ఆయన తోలు కోసే రంపె తీసి రాయి మీద నూరుకోవడం మొదలుపెట్టాడు. మర్నాడు ఆ పైతోలు విప్పి ఆరెలు పెట్టుకునే సంచి కుట్టుకున్నాడు. పోయేదాకా అందులోనే పెట్టుకున్నాడు. అది నా బీరువాలో ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

కాబట్టి యాప్ కుర్రాడికి ఇవ్వకు. నువ్వే వెళ్లు, సెలవు పెట్టి వెళ్లు. పని చేసే మనిషి చేతికే ఇచ్చి, ఇది చేతికుట్టు, మా తాతయ్య కుట్టాడని చెప్పు. వెల్ట్ కదపకుండా అడుగు ఒక్కటే మారుస్తావా అని అడుగు. “అంటించినా గట్టిగానే ఉంటుంది సార్” అన్నాడంటే జత తీసుకుని వచ్చెయ్. కార్క్ కూడా మార్చమను. మడమ బయటివైపు అరిగి ఉంటుంది, మీ నాన్న నడకే అంత. కొత్తవాటిలా చేస్తామని రంగు స్ప్రే చేస్తారు, వద్దను, ముడతల దగ్గర పొరలుగా లేస్తుంది. ఇచ్చే ముందు నాలుగువైపులా ఫోటోలు తీసుకో. నెల రోజులు టైమివ్వు. తొందరపెట్టి పాడు చేయించుకుంటావేమోనని నా టెన్షన్.

శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నారు, వాన పడితే తోలు అడుగు నీళ్లు తాగుతుంది. ముందుభాగానికి పల్చటి రబ్బరు హాఫ్ సోల్ వేయించు, అది కుట్టుని కూడా కాపాడుతుంది. వద్దనుకుంటే ఉప్పు కాగితంతో అడుగు కాస్త గరుకు చేసుకో. మండపం గ్రానైట్ మీద కొత్త తోలు సోల్‌తో జారి పడితే వీడియోలో జన్మంతా ఉంటావు. తడిస్తే పేపరు కుక్కి నీడలో ఆరబెట్టు, హెయిర్ డ్రయ్యర్ పట్టుకున్నావంటే నీతో మాట్లాడను.

ఖర్చెంతయిందో మీ అమ్మకి చెప్పకు, నాకు చెప్పు, నేనిస్తాను. ఇంకొకటి. స్టేజీ ఎక్కేముందు అక్షింతల కోసం బూట్లు విప్పమంటారు. మెట్ల పక్కన ఎక్కడంటే అక్కడ వదిలెయ్యకు. మన పెళ్లిళ్లలో చెప్పులెలా మాయమవుతాయో నీకు తెలుసుగా. ఏ వైపు విప్పుతావో ముందు నాకు చెప్పు, అక్కడే కుర్చీ వేయించుకుంటాను.

మీ మావయ్య