పేరుకు తగిన పస, పసకు తగిన పేరు

సందేహం: మాస్టారూ, మా కళాశాల పత్రికకు సినిమా పాటల ఆల్బమ్‌ల మీద వ్యాసం రాస్తున్నాను. ‘ఓవర్‌రేటెడ్’, ‘అండర్‌రేటెడ్’ అనే మాటలకు ‘అతిగా అంచనా వేయబడిన’, ‘తక్కువగా అంచనా వేయబడిన’ అని రాశాను. చదువుతుంటే నాకే రుచించడం లేదు. తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, రాజోలు

సమాధానం: మీ చెవి మీకు నిజమే చెప్పింది. ‘వేయబడిన’ సంగతి అలా ఉంచండి, అసలు చిక్కు ‘అంచనా’తోనే వచ్చింది. కొలవకముందు వేసేది అంచనా. వంతెన కట్టకముందు ఖర్చుకు, కోతకు ముందు దిగుబడికి అంచనా వేస్తాం. పాటలు విడుదల కాకముందు పెట్టుకునేవీ అంచనాలే. అవి అందకపోతే నిరాశపడతాం. మీరు చెప్పదలచుకున్నది వేరు. విని, మెచ్చి, ఏళ్ల తరబడి పదిమందీ చెప్పుకుంటూ వచ్చిన పేరు గురించి మీరు రాస్తున్నారు.

మొన్న నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద, అంటే ఏరు దాటించే పెద్ద పడవ మీద వస్తున్నాను. పక్కన ఇద్దరు కుర్రవాళ్లు ఒకే ఫోనులో పాటలు వింటూ వాదించుకుంటున్నారు. “పాటలు బాగున్నాయి గాని, వాటికి అంత లేదు” అన్నాడొకడు. రెండోవాడు ‘ఎంత?’ అని అడగలేదు. ‘అంత’ అంటే లోకమంతా చెప్పుకుంటున్నంత అని వాడికి తెలుసు. వశిష్ఠ గోదావరి దాటేలోగా మీ మొదటి మాటకు నాకు తెలుగు దొరికింది. వ్యాసంలో కొంచెం నిండుగా కావాలంటే ‘పేరుకు తగిన పస లేని ఆల్బమ్’ అనండి. ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ ఇక్కడ అతకదు. అది ఏమీ లేనిదాన్ని అనే సామెత. మీరు చెప్పే ఆల్బమ్ మంచిదే కావచ్చు, అంత మంచిది కాదు, అంతే. ‘మునగచెట్టు ఎక్కించారు’ అనీ అనకండి. ఆ చెట్టు ఎక్కేది పొగడ్తకు లొంగే మనిషి, పాట కాదు.

రెండో మాట ఇంకా ఆసక్తికరం. మాటను తిరగేస్తే ‘పసకు తగిన పేరు రాని ఆల్బమ్’ అవుతుంది. పత్రికలు ఎక్కువగా ‘ఆదరణకు నోచుకోని’ అని రాస్తాయి. నోము పట్టి ఆచరించడమే నోచడం. నోచినవారికి ఫలం దక్కుతుంది కాబట్టి ‘నోచుకోలేదు’ అంటే లోపం ఆ పాటల అదృష్టానిదవుతుంది. కానీ అండర్‌రేటెడ్ అన్నప్పుడు లోపం వినేవారిది. ఆ నింద మన మీద వేసుకోదలిస్తే ‘మనం గుర్తించని’ అని తిన్నగా రాయండి. ‘మరుగున పడిన’ అన్నది ఒకప్పుడు వెలిగి తరవాత కనుమరుగైనదానికీ చెల్లుతుంది. అసలు ఎవరి చెవినా పడనిదైతే ‘అడవి కాచిన వెన్నెల’ ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట అదే.

డబ్బును పేరుగా పొరబడకండి. 1988లో వచ్చిన ‘రుద్రవీణ’ సినిమాగా ఆడలేదు. కానీ ఇళయరాజాకు ఉత్తమ సంగీత దర్శకుడిగా, బాలసుబ్రహ్మణ్యంగారికి ఉత్తమ గాయకుడిగా జాతీయ పురస్కారాలు తెచ్చింది. సినిమా ఆడలేదన్న కారణంతో ఆ పాటలకు పేరు రాలేదని రాస్తే తప్పవుతుంది.

మీరు మరోచోట ‘విమర్శకులు తూర్పారబట్టారు’ అనాలనుకోవచ్చు కనుక ఇదీ చెబుతాను. కళ్ళంలో చేటతో ధాన్యం ఎత్తి గాలికి పోస్తే తాలు దూరంగా కొట్టుకుపోతుంది, గట్టి గింజ కాళ్ల దగ్గరే రాలుతుంది. తూర్పారబట్టడం అంటే ఇదే. పత్రికల వాడుకలో అది దుమ్మెత్తిపోయడంగా మారడం నాకు బాధగా ఉంటుంది. మన డెల్టాలో పుట్టిన మీరైనా ఆ మాటను గింజ దక్కించే అర్థంలో వాడితే సంతోషిస్తాను.

‘ఆల్బమ్’ను ‘గీత సంపుటి’గా మార్చనక్కరలేదు. క్యాసెట్ల రోజుల నుంచీ అందరి నోటా ఉన్న మాటే అది. బహువచనం మాత్రం ‘ఆల్బమ్స్’ కాకుండా, మీరు రాసినట్టే ‘ఆల్బమ్‌లు’ అని ఉంచండి.