తీర్పులో తప్పుంటే అదే కోర్టుకా, అప్పీలుకా?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. 2 ఎకరాల 40 సెంట్ల చేను నాదేనని చిన్నాన్న కొడుకు మీద దావా వేశాను. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు మా సాక్షిని నమ్మక, 1 ఎకరా 60 సెంట్లకే డిక్రీ (తీర్పు ఫలితాన్ని రాసిచ్చే ఉత్తర్వు) ఇచ్చింది. డిక్రీ నకల్లో అది కూడా 1.06 అని పడింది. తీర్పు వచ్చాక తాత పెట్టెలో 1984 నాటి రిజిస్టరైన భాగపరిష్కార దస్తావేజు దొరికింది. రివ్యూ (తీర్పును మళ్లీ చూడమని అదే కోర్టును అడగడం) వేస్తే చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: మీవి మూడు వేర్వేరు సమస్యలు. అన్నీ ఒకే రివ్యూ పిటిషన్‌లో కుక్కితే నష్టపోయేది మీరే.

1.06 సంగతి తేలిక. తీర్పులో 1.60 ఉండి డిక్రీలో అంకెలు తారుమారైతే అది రాతపొరపాటు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 152 కింద అదే కోర్టులో సవరణ పిటిషన్ వేయండి. దీనికి గడువు లేదు గానీ, సర్వేయరు గొలుసు పట్టకముందే దిద్దించుకోండి.

సాక్షిని నమ్మలేదన్నది మాత్రం రివ్యూకు పనికిరాదు. ఆర్డర్ 47 రూల్ 1 ప్రకారం రివ్యూకు దారులు: ఎంత జాగ్రత్తపడ్డా అప్పట్లో తెలియని, తేలేకపోయిన ముఖ్యమైన ఆధారం ఇప్పుడు దొరకడం, రికార్డు చూడగానే కనిపించే తప్పు, వీటికి సాటివచ్చే మరో బలమైన కారణం. ఎగ్జిబిట్‌గా (సాక్ష్యంగా నంబరు వేసి) మార్కయిన కాగితాన్ని 'దాఖలు చేయలేదు' అని తీర్పులో రాస్తే అది కనిపించే తప్పు. తప్పని చూపడానికి సాక్ష్యమంతా మళ్లీ చదివి వాదించాల్సి వస్తే, అది అప్పీలు కోర్టు పని. మీ తీర్పు తర్వాత సుప్రీంకోర్టు వేరే కేసులో చట్టాన్ని మరోలా చెప్పినా, దాన్నిబట్టి రివ్యూ రాదు.

అసలు చిక్కు 1984 దస్తావేజుది. అది రిజిస్టరైన కాగితం. 'ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయించి ఉంటే, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు అడిగి ఉంటే దావా నడుస్తుండగానే దొరికేది కదా' అని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అడుగుతారు. ఆ దస్తావేజు ఉందనే మీకెందుకు తెలియలేదో, ఎక్కడెక్కడ వెతికారో, పెట్టె ఎవరి దగ్గర ఉండేదో అఫిడవిట్‌లో తేదీలతో రాయాలి. 'ఇప్పుడే దొరికింది' అన్న ఒక్క ముక్కతో ఏ కోర్టూ ఒప్పుకోదు.

గడువు చూడండి. రివ్యూకు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. మీ అప్పీలుకూ అంతే (హైకోర్టుకు వెళ్లే అప్పీలుకైతే 90). నకలుకు అర్జీ పెట్టిన రోజు నుంచి అది తయారైన రోజు వరకు మినహాయింపు ఉంటుంది. మీరు చార్జీలు ఆలస్యంగా కట్టిన రోజులు మాత్రం మీ లెక్కలోకే వస్తాయి. నకలు వెనక స్టాంపులో ఈ తేదీలన్నీ ఉంటాయి, చూసుకోండి. రివ్యూ వేశారని అప్పీలు గడువు ఆగదు. రివ్యూ కొట్టేస్తే ఆ ఉత్తర్వుపై అప్పీలు లేదు, మళ్లీ రివ్యూ కూడా లేదు. అప్పుడు అసలు డిక్రీపై ఆలస్య మన్నింపు పిటిషన్‌తో అప్పీలుకు పోవాలి. మన్నించడం కోర్టు ఇష్టం. ముందే అప్పీలు వేస్తే మీకిక రివ్యూ దారి మూసుకుపోతుంది.

అందుకని నా సలహా: మిగిలిన 80 సెంట్లకు గడువులోనే అప్పీలు వేయండి. దానితోపాటు ఆర్డర్ 41 రూల్ 27 కింద దస్తావేజును అదనపు సాక్ష్యంగా తీసుకోమని పిటిషన్ పెట్టండి. అక్కడా ఆ 'జాగ్రత్త' ప్రశ్న తప్పదు, కానీ సాక్షి విషయం, దస్తావేజు రెండూ ఒకే చోట వినిపించుకోవచ్చు. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు, స్టే విడిగా అడగాలి. ఈలోగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. పెట్టెలో దొరికిన అసలుకు లామినేషన్ చేయించకండి. సంతకాలు, వేలిముద్రలు పరీక్షకు పంపాల్సి వస్తే ఇబ్బంది అవుతుంది.