మానిటర్ కొనేముందు

చిన్నా,

నువ్వు పంపిన మూడు మానిటర్ల ఫొటోలు చూశాను. మూడు అట్టపెట్టెల మీదా 1 మిల్లీసెకను అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఏది కొనాలి మావయ్యా అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ 1 సంగతి. పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారడానికి పట్టే సమయం అది. నువ్వు బటన్ నొక్కాక దెబ్బ తెర మీద కనబడేలోపు మానిటర్ చేసే ఆలస్యం వేరు, దాన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. అది పెట్టె మీద వేయరు. పరికరం పెట్టి కొలిచిన రివ్యూల్లో వెతుక్కోవాలి. అక్కడ కూడా 120 హెర్ట్జ్ (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క) దగ్గర ఒక అంకె, 60 దగ్గర ఇంకో అంకె ఉంటాయి. నువ్వు టోర్నమెంట్లకు ఆడేది కొట్లాట ఆట టెక్కెన్ 8. అది సెకనుకు 60 ఫ్రేముల (బొమ్మల) చొప్పునే నడుస్తుంది కాబట్టి నీకు 60 దగ్గరి అంకే ముఖ్యం. 120లో చురుగ్గా ఉండి, 60 సిగ్నల్ ఇవ్వగానే ఒక ఫ్రేమ్ పట్టుకుని కూర్చునే మానిటర్లు ఉన్నాయి.

ఒక్క ఫ్రేమ్‌కు ఏమవుతుందిలే అనుకోకు. ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు. నీ ఆటలో జ్యాబ్, అంటే చిన్న గుద్దు, 10 ఫ్రేముల్లో తగులుతుంది. గేమ్ మోడ్ పెట్టకపోతే బొమ్మకు మెరుగులు దిద్దుతూ నాలుగైదు ఫ్రేములు మింగేసే టీవీలున్నాయి. అంటే దెబ్బ సగం దూరం వచ్చేశాక నీకు కనబడుతుంది.

నేను గేమ్ పార్లర్ నడిపిన రోజుల్లో ప్లేస్టేషన్ 2లన్నీ డబ్బా టీవీలకే తగిలించేవాణ్ణి. వాటిని తీసేసి ఎల్‌సీడీలు పెట్టిన వారమే, రోజూ వచ్చే పిల్లలు "అన్నా, బటన్ లేటుగా పడుతోంది" అన్నారు. కంట్రోలర్లు విప్పి లోపలి రబ్బర్లు మార్చాను. కొత్త కంట్రోలర్లు తెచ్చాను. తప్పు తెరదని తెలియడానికి నెల పట్టింది. 2001లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ ఆడేవాళ్లు ఇప్పటికీ డబ్బా టీవీల మీద టోర్నమెంట్లు పెట్టుకోవడం వెనుక కారణం ఇదే.

డబ్బా టీవీకి ఇంకో గుణం ఉండేది. అందులో బొమ్మ మెరిసి, వెంటనే ఆరిపోయేది. ఇప్పటి తెరల్లో ప్రతి ఫ్రేమూ తర్వాతిది వచ్చేదాకా అలాగే నిలబడి ఉంటుంది. కదిలేదాని వెంట నీ కన్ను మాత్రం ఆగదు కదా, అందుకే బొమ్మ సాగినట్టు కనబడుతుంది. కాల్ ఆఫ్ డ్యూటీలో గిర్రున తిరిగినప్పుడు గోడ మీది అక్షరాలు చెరిగిపోవడం నువ్వూ చూసే ఉంటావు. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో కదిలే బొమ్మ 60 ఫ్రేముల్లో 16 పిక్సెళ్ల మేర అలుక్కుంటే, 120లో 8 పిక్సెళ్లే. పిక్సెల్ ఎంత వేగంగా మారినా ఈ బ్లర్ పోదు, పిక్సెళ్లు అతివేగంగా మారే ఓఎల్‌ఈడీ తెరల్లో కూడా. కాబట్టి 120కి వెళ్లే ఆటను 120లోనే ఆడు. గేమ్ సెట్టింగుల్లో మోషన్ బ్లర్ అని ఉంటుంది, దాన్ని ఈ రాత్రే ఆపెయ్. పైసా ఖర్చు లేదు.

తెర వెనక లైటును ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ ఆర్పి వెలిగించే మోడ్ ఉందని షాపువాళ్లు ఊరిస్తారు. స్ట్రోబింగ్ అంటారు దాన్ని. నిలకడగా 120 వచ్చే ఆటలో బాగుంటుంది, కాకపోతే వెలుగు తగ్గుతుంది, వీఆర్ఆర్ (ఆట ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర తన వేగం మార్చుకోవడం) మామూలుగా దానితో కలిసి పనిచేయదు. టెక్కెన్‌కు మాత్రం వద్దు. 60 ఫ్రేముల ఆటను 120 మెరుపుల్లో చూస్తే ప్రతి అంచూ రెండుగా కనబడుతుంది. మెరుపులు 60కి తగ్గిస్తే తెర అదురుతుంది, గంటసేపు ఆడితే తలనొప్పి. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకు.

ప్యానెల్, అంటే తెర రకం, ఐపీఎస్ తీసుకో. చవకగా దొరికే వీఏ ప్యానెళ్లలో చాలావాటిలో నలుపు మీద ముదురు రంగులు కదిలితే వెనక మసి తోకలా వస్తుంది. చీకటి మూలలో నక్కినవాడు నీకు మరకలా కనబడతాడు. పిక్సెళ్లను తొందరపెట్టే ఓవర్‌డ్రైవ్ సెట్టింగును చివరిదాకా లాగకు. ఆ 1 మిల్లీసెకను చాలాసార్లు అక్కడే వస్తుంది, దానితోపాటు అంచుల వెంట తెల్లటి నీడ కూడా. మధ్య మెట్టు చాలు.

ఇప్పుడు అసలు మోసపోయే చోటు. నువ్వు పంపిన రెండో మానిటర్ 240 హెర్ట్జ్ అంటున్నారు. నీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) నుంచి 120కి మించి రాదు, వచ్చేది హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే. కొన్ని మానిటర్లలో ఆ 240 డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో సాకెట్‌కే పరిమితం, హెచ్‌డీఎంఐలో పెడితే చాలా తక్కువ దగ్గరే ఆగుతుంది. స్పెసిఫికేషన్లలో హెచ్‌డీఎంఐ పక్కన ఏ అంకె ఉందో చూడు. తెర 1440పీ (నిలువునా 1440 పిక్సెళ్లు) అయినా ఫర్వాలేదు, 2022 సెప్టెంబరు అప్‌డేట్ నుంచి పీఎస్5 ఇస్తోంది. వీఆర్ఆర్ కావాలంటే మాత్రం హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్ అనే ఉండాలి. ఫ్రీసింక్ (వీఆర్ఆర్‌లోనే ఇంకో రకం) అని మాత్రమే రాసి ఉంటే ఎక్స్‌బాక్స్‌కు సరిపోతుంది గానీ నీ పీఎస్5 తీసుకోదు.

కొనేముందు నువ్వే కొలవచ్చు. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, నీ బొటనవేలు, తెర రెండూ పడేలా వీడియో తియ్యి. బటన్ అడుగుకు తాకిన ఫ్రేమ్ నుంచి బొమ్మ కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టు. ఒక్కో ఫ్రేమ్ దాదాపు 4 మిల్లీసెకన్లు. ఆట సొంత ఆలస్యం కూడా అందులో కలిసి ఉంటుంది కనుక మొత్తం అంకెను పట్టించుకోకు, రెండు మానిటర్ల మధ్య తేడా చూడు. ఒక్కసారి కాదు, పదిసార్లు తీసి సగటు వేసుకో.

ఆదివారం నీ పీఎస్5, దాని పెట్టెలో వచ్చిన కేబుల్, కంట్రోలర్ సంచిలో పెట్టుకుని రా. షాపులో తగిలించి చూడనిస్తారా అని రేపే ఫోన్ చేసి అడుగుతాను. ఒప్పుకోకపోతే ఇంకో షాపుకు వెళ్దాం. ఎక్కడ కొన్నా వాపసుకు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోవాలి.

మీ మావయ్య